గడప దాకా గాజుల చెయ్యి

పానకాలును మోస్తున్న పాడెను దింపుడు కళ్లం దగ్గర దించగానే ఆడవాళ్లంతా ఆగిపోయారు. అతని పెళ్లాం పున్నమ్మ మాత్రం ఆగలేదు.

ఊరు దాటాక మిరప చేలకు పోయే డొంక, శ్మశానానికి పోయే బాట విడిపోయే చోటది. అక్కడ పాడె దించి, పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలికితే ఇంటికి, పలక్కపోతే కాటికి. పానకాలుకు కొడుకులు లేరు గనక అన్నకొడుకు త్రినాథ్ వంగి "బాబాయ్" అని పిలిచాడు. మూడుసార్లు పిలిచినా పలుకు లేదు. పాడె మళ్లీ లేచింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగారు.

పున్నమ్మ పాడె వెనకాలే నడుస్తోంది. ఏడవడం లేదు, గుండెలు బాదుకోవడం లేదు. మిరప కోతకు పోయే పొద్దున ఎలా నడుస్తుందో అలాగే, చెప్పుల్లేని కాళ్లతో, గబగబా నడుస్తోంది.

ఆ సంగతి ముందు కనిపెట్టింది చెంచురామయ్య. ఊళ్లో తత్వాలు పాడే జట్టుకు ఆయనే పెద్ద. ఎవరింట్లో చావు జరిగినా, పెద్దకర్మ జరిగినా చెంచురామయ్య పాట అందుకోవాలి, పానకాలు వంత పాడాలి. ముప్ఫై ఏళ్లు పైబడి సాగిన కచేరీ అది. ఇప్పుడు వంత పాడేవాడే పాడె మీద ఉన్నాడు. చేతిలో తాళాలతో నడుస్తున్న చెంచురామయ్యకు ఈ ఊరేగింపులో ఒక్కటైనా తప్పు జరగనివ్వకూడదని ఉంది. స్నేహితుడికి అంతకంటే ఏం చేయగలడు?

వెనక్కి వచ్చి పున్నమ్మకు అడ్డం నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఇంక ఆగు."

"ఇంకొంచెం దూరం వస్తానన్నయ్యా."

"ఆడోళ్లు రాకూడదమ్మా. నీకు తెలవంది ఏముంది?"

"కాటికి ఇవతల ఆ కాలవ దాకా వస్తా. దూరంగా నిలబడతాలే."

మగవాళ్లు తిరిగి చూస్తున్నారు. పాడె మోస్తున్నవాళ్ల అడుగులు తడబడుతున్నాయి. పున్నమ్మ పక్కకు తప్పుకుని ముందుకు పోబోయింది. చెంచురామయ్య ఆమె ముంజెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. గాజులు చిట్లిన చప్పుడు వినిపించింది. అప్పటికి ఆయన భార్య వెంకటరావమ్మ వెనకనుంచి పరిగెత్తుకొచ్చి పున్నమ్మను రెండు చేతులా పొదివి పట్టుకుంది. వెంకటరావమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు ఏమిటో ఆలోచించే తీరిక చెంచురామయ్యకు లేదు. అరచేతిలో ఎర్రగా ఏదో అంటింది. పాడె మీద చల్లిన కుంకుమ అనుకుని పంచెకు తుడుచుకుని ముందుకు పరిగెత్తాడు.

పాడెను అందుకుని, తాళం వేసి, గొంతెత్తాడు.

"గడప దాకా గాజుల చెయ్యి, గడప దాటితే ఎవరురా?
ఓ జీవా, నీ వెంట వచ్చేదెవరురా?"

"ఎవరురా, ఎవరురా" అని ఎత్తుకోవలసిన గొంతు లేదు. డోలక్ వాయించే ప్రేమ్‌చంద్ తెలిసీ తెలియని శ్రుతిలో ఆ రెండు మాటలూ అన్నాడు. చెంచురామయ్యకు గురువుగారు నేర్పిన పాట అది. పెళ్లాం ప్రేమ గడప దాకేననీ, ఆ పైన జీవుడు ఒంటరివాడేననీ చెప్పే పాట. అది పాడుతుంటే వినేవాళ్లకు ఒళ్లు గగుర్పొడవాలి, లేకపోతే పాడినట్టు కాదు. ఆ రోజు పాడుతున్నవాడికే గగుర్పొడిచింది. ఏడుస్తూనే పాడాడు.

*

రెండు మూడు రోజులు పోయాక, పానకాలు మిరపకాయలు కళ్లంలో ఎలా ఉన్నాయో చూద్దామని చెంచురామయ్య బయల్దేరాడు. చావొచ్చిందని కాయ ఎండటం మానుతుందా? ఎండినదాన్ని కలబెట్టకపోతే అడుగుకాయ నల్లబడుతుంది. త్రినాథ్ మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే చోట పనికి పోతాడు, వాడికి ఈ తిప్పలు పట్టవు. తనే కాసేపు కలబెట్టి వద్దామనుకున్నాడు.

కళ్లం దగ్గరికి వచ్చి గతుక్కుమన్నాడు. పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయల మధ్య పున్నమ్మ గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. తెల్లగా పాలిపోయిన కాయలు ఒక పక్క గోనెలో వేస్తోంది, ఎర్రకాయలు ముందుకు నెడుతోంది. ఆ వేళ్లకు అలవాటైన పని, కళ్లతో చూడనక్కర్లేదు. పెద్దకర్మ కాకముందు మొగుడు పోయిన ఆడది గడప దాటి రావడమా! చెంచురామయ్య అటూ ఇటూ చూశాడు. పక్క కళ్లంలో కూలీలు చూసీ చూడనట్టు తలలు వంచుకుని ఉన్నారు.

"ఏందమ్మా ఇది? ఎవరన్నా ఏమన్నా అనుకోరూ?"

"కాయ ఆగుద్దా అన్నయ్యా? ఆయన పోయినకాడ్నించీ ఎవురూ ముట్టుకోలా."

 చెంచురామయ్య పట్టా అంచున కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టాడు. కాయ బాగా ఎండింది. వేళ్ల మధ్య ఆడిస్తే లోపల గింజలు గలగలమంటున్నాయి. పున్నమ్మ కుడి ముంజేతికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. కారం మంటకు కట్టుకుందనుకున్నాడు.

ఏరుతూనే ఆమె అడిగింది.

"పెద్దకర్మ నాడు ఏం పాడతారు?"

"పాడేది పాడతాం. నీ మొగుడికి తక్కువ చెయ్యంలే. గడప పాటైతే ఊరంతా అడుగుతన్నారు."

"అది వద్దు."

చెంచురామయ్య చెయ్యి ఆగింది.

"నువ్వు కట్టిన పాట ఉంది గదా, ఎదురుచూసే పాట. అది పాడన్నయ్యా. ఆయనకి అదంటే ఇష్టం. దగ్గు ముదిరినాక గూడా మంచంలో పడుకుని సన్నగా పాడేవోడు. ఆ గడప పాట మాత్రం వద్దు."

"ఓసి పిచ్చితల్లీ, గడప పాట లేకపోతే పెద్దకర్మ ఎట్టా అయిద్ది?"

"ఇంకోటుంది. బూడిద వాడరేవులో కలుపుతారంట గదా. నేను గూడా వస్తా. ఆ రోజు నడిచినకాడ నించి మిగతా దారి వస్తా."

ఇది మరీ విడ్డూరం. పెద్దకర్మ అయిన మర్నాడే ముండమోసిన ఆడది బండెక్కి సముద్రానికి పోవడం ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. త్రినాథ్ ఒప్పుకుంటాడా, బండివాడు ఎక్కించుకుంటాడా? చెంచురామయ్య 'చూద్దాంలే' అన్నట్టు తలూపాడు. ఆ తలూపడంలో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. పున్నమ్మ మళ్లీ అడగలేదు. తాలుకాయల గోనె నిండిపోతే మూతి కట్టి పక్కకు జరిపింది.

ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆయన తనలో తను మాట్లాడుకున్నాడు. దుఃఖంలో ఉన్న మనిషి, పాటను పాటగా వినలేకపోతోంది. తత్వం అంటే పైకి ఒకటి, లోపల ఒకటి. గడప దగ్గర ఆగే పెళ్లాం నిజంగా పెళ్లాం కాదు, మాయ. దీపం పెట్టుకుని స్వామి కోసం కాచుకునే ఆడదీ ఆడది కాదు, జీవుడు. ఆ మాత్రం అర్థం చేసుకుంటే పున్నమ్మకే మనసు కుదుటపడుతుంది. సరిగ్గా పాడి వినిపిస్తే ఆమే దండం పెడుతుంది.

అలా అనుకున్నాక ఆయనకు చాలా తేలికనిపించింది.

*

పెద్దకర్మ నాడు పానకాలు ఇంటి ముందు షామియానా వేశారు. భోజనాలకు ముందు పాటలు. ప్రేమ్‌చంద్ డోలక్ బిగించుకున్నాడు. పానకాలు ఫోటోకు దండ వేసి బల్ల మీద పెట్టారు, పక్కన అతని తాళాల జత పెట్టారు. ముందురోజే పున్నమ్మ చేతి గాజులూ నుదుటి బొట్టూ తీయించారు. తెల్లచీర కట్టుకుని గడపకు ఇవతల, వసారా స్తంభం పక్కన కూర్చుంది. వెంకటరావమ్మ వంటల దగ్గర వడ్డనకు ఆకులు తుడుస్తోంది.

చెంచురామయ్య ముందు తను కట్టిన పాట పాడాడు. పున్నమ్మ అడిగింది గదా, ఆమె మాటా కాదనలేదు.

"అన్నమారిపాయె సామీ, ఆకలి నాకేల సామీ
వత్తి ఎగదోసి ఎగదోసి వేలు నల్లనాయె సామీ
వీధిలోన అడుగులైతే నీవనే లేస్తి సామీ."

ఆ పాటకు చుట్టుపక్కల ఊళ్లల్లో పేరుంది. భగవంతుడి కోసం జీవుడు పడే విరహం అంత దగ్గరగా ఎవరూ చెప్పలేదని పెద్దలు అనేవాళ్లు. వేలు నల్లబడిందన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు కళ్లు మూసుకుని తలలాడించారు. పున్నమ్మ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. చెంచురామయ్య గుండె నిండింది. ఇదే అదను అనుకున్నాడు. గుక్క తిప్పుకోకుండా గడప పాటలోకి దిగాడు.

"గడప దాకా గాజుల చెయ్యి, గడప దాటితే ఎవరురా?"

"నేను!"

ముందు ఎవరన్నారో ఎవరికీ తెలియలేదు. డోలక్ మీద ప్రేమ్‌చంద్ చెయ్యి అలాగే ఉండిపోయింది. పున్నమ్మ లేచి నిలబడి ఉంది.

"నేనన్నయ్యా. గడప దాటి వచ్చింది నేనేగా. దింపుడు కళ్లం దాకా వచ్చా. కాలవ దాకా వస్తానన్నా. నువ్వు చూశావుగా."

 త్రినాథ్ ముఖం ఎర్రబడింది. "పిన్నీ, కూర్చో" అన్నాడు పళ్ల బిగువున.

 ఇన్నేళ్లలో పాట మధ్యలో ఒక మనిషి అడ్డుపడటం చెంచురామయ్య ఎరగడు, అందులోనూ ఆడమనిషి, అందులోనూ తెల్లచీర కట్టుకున్న మనిషి. అయినా పెద్దరికం పోగొట్టుకోలేదు. నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"అది నిన్నన్నది కాదమ్మా. పాటలో పెళ్లామంటే నువ్వు కాదు. మాయ. మాయ గడప దగ్గర ఆగిపోయిద్దని గురువుగారి భావం."

"మాయా?"

పున్నమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. గాజుల్లేని ముంజెయ్యి. దాని మీద అడ్డంగా, వేలెడు పొడుగున, నల్లగా అట్టకట్టిన గాయం. అటూ ఇటూ చిన్నచిన్న గీతలు.

"నీ చేతిలో గాజులు చిట్లి తెగింది. మాయకి నెత్తురొచ్చిద్దా అన్నయ్యా?"

 ఆ రోజు తన అరచేతిలో అంటింది కుంకుమ కాదని చెంచురామయ్యకు అప్పుడు తెలిసింది. ఆ మరకైన పంచెను వెంకటరావమ్మే ఉతికి ఆరేసింది.

"నేను ఆగలా. ఆపారు. ఆపి, ఆగిపోయిందని పాడతన్నారు. ఎన్ని ఇళ్లల్లో పాడావన్నయ్యా ఇది? ఏ ఇంట్లో ఏ ఆడదాన్నన్నా వస్తావా అని అడిగావా?"

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. మళ్లీ స్తంభం పక్కన కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఎవరో పెద్దమనిషి "లేవండి, లేవండి, ఆకులు వేశారు" అన్నాడు. జనం బతుకుజీవుడా అని లేచి పంక్తుల్లోకి పోయారు. వడియాలు వేగుతున్న వాసన వచ్చింది. త్రినాథ్ పిన్ని దగ్గరికి వెళ్లి, "రేపు బండికి మగోళ్లమే పోతన్నాం, నువ్వు ఇంట్లోంచి కదిలావంటే బాగుండదు" అని అందరికీ వినపడేలాగే చెప్పాడు. చెంచురామయ్య విన్నాడు. కాదనలేదు. అన్నం తినకుండా ఇంటికి వచ్చేశాడు.

*

పొద్దు వాలాక వెంకటరావమ్మ వచ్చింది. మొగుడు వసారాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. తాళాలు పక్కన పడేసి ఉన్నాయి. ఆమె ఏమీ మాట్లాడకుండా చేటలోకి మిరపకాయలు పోసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. ఇంట్లో కారం అయిపోవచ్చింది.

"చూశావుగా" అన్నాడాయన. "ఊరందరి ముందు."

"చూశా."

"మొగుడు పోయిన బాధలో ఉంది, నేనేం అనలా. కానీ అట్టాగా? తత్వం అంటే ఏందో తెలీకపోతే..."

"ఏం తెలీదు ఆమెకి?"

"పెళ్లామంటే పెళ్లాం కాదే. మాయ అని చెప్పాగా."

"తెలుసులే. ఇన్నేళ్లుగా వింటన్నా. మరి నీ పాటలో వత్తి ఎగదోసేది ఎవరు?"

"ఎవరేందే? జీవుడు. స్వామి కోసం..."

"జీవుడికి వేళ్లుంటాయా?"

చెంచురామయ్య చురుగ్గా చూశాడు. ఆమె తల ఎత్తలేదు. తొడిమ తీసిన కాయ చేటలో, తొడిమ కింద. ఆమె చేతులు నిదానంగా కదులుతున్నాయి.

"అన్నం పెట్టుకుని కూర్చుంటే జీవుడు. గడపకాడ ఆగిపోతే పెళ్లాం. బాగానే ఉంది మీ తత్వం."

"వెంకటరావమ్మా!"

"కేకలెయ్యమాక. నువ్వు కొత్తగా పాటలు కట్టే రోజుల్లో, కరెంటు పోయిన ఒక రాత్రి, వంటింటి కిటికీ బయట నిలబడ్డావు. మెట్టవేముల భజనకి పోతన్నానని పోయినోడివి సగం దారిలో తిరిగొచ్చి నిలబడ్డావు. నేను బుడ్డి దీపం పెట్టుకుని కూర్చున్నా. వత్తి ఎగదోస్తే వేలికి మసైంది, గోడకి రాసుకున్నా. కళ్లెత్తితే నువ్వు కనపడ్డావు."

చెంచురామయ్య వంటింటి వైపు తిరిగి చూశాడు.

"వచ్చాడు గదా అని లేచా. చెప్పొద్దూ, ఎంత సంబరమైందో. తలుపు గడియ తీసేసరికి వీధి చివరికి పోయావు. పిలుద్దామనుకున్నా. పెదాలు కదులుతన్నయి నీకు, ఏదో పాడుకుంటా పోతన్నావు. పిలవలా. రెండు రోజులకి ఊళ్లో అంతా అదే పాట. వేలు నల్లనాయె, వేలు నల్లనాయె అని. పానకాలు అన్నయ్య నన్ను చూసి నవ్వేవోడు, ఎవరి వేలో ఆయనకి తెలుసు."

 తను కిటికీ దగ్గర నిలబడిన సంగతి చెంచురామయ్యకు తెలుసు. దాన్ని ఆయన ఏనాడూ తప్పనుకోలేదు. ఆ రాత్రి లోపల కూర్చున్న మనిషిని చూసి కళ్లు చెమర్చాయి, పాట పుట్టింది, పుట్టిన పాటను పట్టుకుని పరిగెత్తాడు. భగవంతుడు చూపించాడనుకున్నాడు. అటువైపు నుంచి కూడా ఒకరు చూస్తున్నారన్నది ఈ రోజు దాకా ఆయన ఊహకు రాలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పాలి? నా వేలు తెచ్చి దేవుడికిచ్చావు. దేవుడి దగ్గర తిరిగి అడుగుతానా?" అంది వెంకటరావమ్మ. చేట తీసుకుని లోపలికి వెళ్లింది. లోపలినుంచి గొంతు మామూలుగా వచ్చింది. "కాళ్లు కడుక్కో, మజ్జిగన్నం కలుపుతా."

*

తెల్లవారగానే త్రినాథ్ ఆటో మాట్లాడుకుని చెంచురామయ్య ఇంటి ముందుకు వచ్చాడు. ముందు సీట్లో ఒడిలో ఎర్రగుడ్డ కట్టిన బూడిద కుండ పెట్టుకుని త్రినాథ్, వెనక ప్రేమ్‌చంద్, వరసైనవాడు ఇంకొకాయన. చెంచురామయ్యకు చోటు వదిలారు. సముద్రం ఒడ్డున ఆయన పాడితేనే బూడిద కలపాలి, అది ఆనవాయితీ.

తువాలు భుజాన వేసుకుని గడప దాటిన చెంచురామయ్యకు వీధి మలుపులో పున్నమ్మ కనిపించింది. తెల్లచీర, చెప్పుల్లేని కాళ్లు. ఎవరినీ ఏమీ అడగడానికి వచ్చినట్టు లేదు. ఆటో పోయేటప్పుడు ఒకసారి కుండను చూడటానికి వచ్చి నిలబడినట్టుంది.

ఆయన ఆటో దాకా వచ్చి, ఎక్కకుండా ఆగాడు.

"త్రినాథూ, నా చోట్లో మీ పిన్ని వస్తది."

"ఏంది మావయ్యా!" త్రినాథ్ ఆటోలోంచి తల బయటికి పెట్టాడు. "నిన్న జరిగింది చాలదా? ఆడోళ్లు ఎక్కడన్నా... ఊరోళ్లు ఏమంటారు?"

"నన్నంటారు. ఎక్కించుకో."

"మగోళ్ల మధ్యలో ఒక్కతే ఎట్టా వస్తది?"

"ఒక్కతే ఎందుకు? నేను లేనా?" అంటూ ఇంట్లోంచి వెంకటరావమ్మ వచ్చింది. తల దువ్వుకుని ఉంది, చేతిలో నీళ్ల సీసా ఉంది. ఈ మాట అనడానికి ముందే సిద్ధంగా ఉన్నదాని మల్లే ఉంది. "మేమిద్దరం బక్కోళ్లమేలే, ఒకళ్ల చోట్లో సర్దుకుంటాం. ప్రేమ్‌చందూ, జరగవయ్యా. పున్నా, రా."

పున్నమ్మ వచ్చింది. చెంచురామయ్య ముఖం వైపు చూసింది.  ఆటో ఎక్కి కూర్చుని, ముందుకు వంగి, కుండ మీద కట్టిన ఎర్రగుడ్డను ఒకసారి వేలి కొసలతో తాకింది. త్రినాథ్ తల తిప్పుకున్నాడు, కానీ కుండను పక్కకు లాక్కోలేదు.

"మరి నీళ్లకాడ పాటెవరు పాడతారు?" అన్నాడు గొణుగుతూ.

"మీ పిన్నినడుగు. పాడతానంటే పాడనీండి. లేదంటే ఊరుకోండి."

ఆటో కదిలింది. దుమ్ము లేచింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. చెంచురామయ్య తన గడపలో నిలబడి ఉన్నాడు. వెళ్లినవాళ్లు వెళ్లారు, తను వాకిట్లో ఆగిపోయాడు. ఆ మాట మనసులో పడగానే ఆయనకు నవ్వు రాబోయి, రాలేదు.

ఆ రోజు ఎంత పొడుగో! పానకాలు కళ్లానికి వెళ్లి కాయ కలబెట్టి వచ్చాడు. తన కళ్లానికి వెళ్లి కలబెట్టి వచ్చాడు. వెంకటరావమ్మ పొద్దున్నే వండిపెట్టిన అన్నం మీద మూత తీసి చూసి మళ్లీ పెట్టాడు. తినబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాటింది. వాడరేవు ఎంత దూరమని, వెళ్లి వచ్చేయాలి ఈపాటికి. సముద్రం పోటు మీద ఉందేమో. పున్నమ్మ ఆ మొండితనంతో నీళ్లలోకి ఇంకా ఇంకా పోతే?  వెంకటరావమ్మకు ఈత రాదు. పట్టుకోబోయి ఈమె కూడా... ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

వీధిలో ఆటో చప్పుడైతే లేచాడు. అది స్కూలు పిల్లలది. ఇంకొకటి వస్తే మళ్లీ లేచాడు, ఎరువుల బస్తాలది. 'వీధిలోన అడుగులైతే నీవనే లేస్తి సామీ.' తను కట్టిన మాటే. కట్టినప్పుడు ఎంత తియ్యగా ఉందని! అందులో ఇంత భయం ఉంటుందని ఎవరు చెప్పారు? పాటలో భయం పెట్టలేదు తను. కిటికీ అవతలనుంచి అది కనపడలేదు.

ఎండ పడమటింటి గోడ ఎక్కాక ఆటో వచ్చింది. చెంచురామయ్య గడపలో ఆగలేదు. వీధిలోకి, మలుపు దాకా, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఎదురెళ్లాడు. ఎదురింటివాళ్లు మళ్లీ చూశారు, చూస్తే చూశారు.

వెంకటరావమ్మ ఒక్కతే దిగింది. చీర కుచ్చిళ్లు తడిసి ఇసక అంటుకుని ఉన్నాయి. పున్నమ్మను వాళ్లింటి దగ్గర దించి వచ్చామని చెప్పింది.

"ఏడ్చిందా?"

"లేదు. కుండ తనే పట్టుకుంది. త్రినాథు ముందు ఇవ్వనన్నాడు, మళ్లీ వాడే ఇచ్చాడు. నీళ్లల్లోకి పోయింది. ఎవరం ఆపలా. నాకు గుండెలు గొంతులోకొచ్చినయ్యి, అయినా ఆపలా. నడుం లోతు దాకా పోయి, కుండ వదిలి, అక్కడ తనే ఆగింది. చాలాసేపు నిలబడి తనే తిరిగొచ్చింది."

"పాట?"

"నీ పాటే. సగం పాడి ఊరుకుంది."

ఇద్దరూ ఇంట్లోకి వచ్చారు. ఆమె కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసింది. 

"ఇదేందయ్యా, అన్నం అట్టాగే ఉంది? పొద్దున్నుంచీ తినలా?"

"నువ్వు రావాలి గదా అని..."

వెంకటరావమ్మ ఆయన ముఖంలోకి చూసింది. నవ్విందో జాలిపడిందో తెలియని ముఖం పెట్టింది.

"నేను తినేదాన్ని."

"ఆఁ?"

"ఆ రోజుల్లో. తినే కూర్చునేదాన్ని. తెల్లారి కోతకి పోవాలి, పస్తుంటే ఎవరు పోతారు? కడుపు నిండా తిని, గిన్నెలు కడుక్కుని, అప్పుడు దీపం పెట్టుకుని కూర్చునేదాన్ని. కడుపు నిండినా నిద్ర పట్టేది కాదు, ఏం చెయ్యను."

 ఇన్నేళ్లు, ఇన్ని ఊళ్లల్లో, ఆమెను పస్తు కూర్చోబెట్టి పాడాడు చెంచురామయ్య.

"మరి అన్నం ఆరిపాయె అని..."

"అది నీకు దాచిన అన్నం" అంది వెంకటరావమ్మ.

చల్లారిన అన్నాన్ని రెండు కంచాల్లో పెట్టి, పెద్ద కంచం ఆయన వైపు జరిపింది.